అప్‌డేట్: నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లొచ్చాం

ఒంగోలు నుంచి అమ్మనీ అక్కనీ తీసుకుని మొదటిసారి రొట్టెల పండుగకు వెళ్తున్నాను, రొట్టె ఎలా పట్టుకోవాలి అని అడిగాను కదా. చెప్పిన అందరికీ ధన్యవాదాలు. ఐదు రోజుల పండుగలో గంధమహోత్సవం రోజు రద్దీ తట్టుకోలేరని మీరన్నట్టే, ఆ రోజు వదిలేసి పొద్దున్నే చేరుకున్నాం.

బారాషహీద్ దర్గాలో పన్నెండు మంది వీరుల సమాధుల దగ్గర దండం పెట్టుకుని స్వర్ణాల చెరువులో దిగాం. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. చుట్టూ "ఉద్యోగం రొట్టె", "ఇంటి రొట్టె", "చదువు రొట్టె" అని కేకలు. అక్కకి కావాల్సింది సంతానం రొట్టె. గొంతు పెగల్లేదు, అమ్మే అడిగింది. చంకలో ఏడాది పాపతో ఉన్న ఒకామె వెంటనే తిరిగింది. తలమీద ముసుగు సర్దుకుని, తడిచేత్తో రొట్టె అక్క కొంగులో పెట్టి, "నేనూ ఇక్కడే పట్టుకున్నా తల్లీ" అంది. మా అక్క అక్కడే నీళ్లలో నిలబడి ఏడ్చేసింది. ఆమెది ఏ మతమో మేం అడగలేదు, మాదీ ఆమె అడగలేదు.

జనంలో అమ్మ అరగంట కనబడక చాలా టెన్షన్ పడ్డాను. పెద్దవాళ్లతో వెళ్తే ముందే ఒక చోటు అనుకోండి, ఫోన్లని నమ్ముకోవద్దు.

సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి చూసుకుని, మలైకాజా కొనుక్కుని రైలెక్కాం. అక్క ఆ రొట్టె ముక్క తిన్నది. కోరిక తీరితే మళ్లీ వెళ్లి రొట్టె ఇవ్వాలి.