‘ఏం గాదు తియ్యి’ అనడం ధైర్యం చెప్పడమా, మాటను తోసిపుచ్చడమా?

ప్రశ్న (నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి):
మా అమ్మకు 62 ఏళ్లు. కింద కూర్చుని బువ్వ తినలేకపోతున్నదని పోయిన వారం ఒక వైద్యుడి దగ్గరకు తీసుకుపోయాను. ఆమె చీర కొంచెం జరిపి మోకాలు చూపించబోతుండగానే ఆయన “ఏం గాదు తియ్యమ్మా, వయసు మీద పడితే గట్లనే ఉంటది” అన్నారు. అమ్మ చీర సర్దుకుని లేచింది. ఆ రోజు నుంచి నొప్పి సంగతి నా దగ్గర కూడా ఎత్తడం లేదు. ఆయన గొంతులో కోపం గానీ చులకన గానీ లేవు. అయినా ఆ మాట ఎందుకంత గుచ్చుకుంది?

జవాబు (దేవరకద్ర నుంచి):
తప్పును మాట మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. మా నాన్న ముంబైకి కూలిపనికి వలసపోయిన ప్రతిసారీ, బస్సు కదిలాక, మా నానమ్మ మమ్మల్ని దగ్గరకు తీసుకుని చెప్పింది ఇదే మాట. పాలమూరులో ఎన్నో ఇళ్లు దాన్ని పట్టుకునే కరువు రోజులు గడిపాయి.

జవాబు (నల్లగొండ నుంచి):
దేవరకద్ర వారి అనుభవాన్ని నేను కాదనను. అయితే ఆ నానమ్మకు మీ భయం ఏమిటో ముందే తెలుసు, అదే భయం ఆమెకూ ఉంది, ఆ తర్వాతే ఆమె ఆ మాట అన్నారు. వైద్యుడు వినకముందే అన్నారు. ‘తియ్యి’ అంటే అసలు అర్థం తొలగించమనే కదా. విన్నాక అంటే అది భయాన్ని తీసేస్తుంది, వినకముందు అంటే చెప్పబోయే మాటనే తీసేస్తుంది. ‘సరే’ అంటే ఒప్పుకోవడం; దానికి ‘లే’ చేరి ‘సరేలే’ అయిందంటే చాలాసార్లు ఇక ఈ సంగతి చాలని అర్థం. పింఛను కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషితో అనే ‘చూద్దాం’లో ‘మనం’ దాగి ఉన్నా, చూసేదెవరో, ఏ రోజు చూస్తారో మాత్రం ఉండదు.

మర్రిగూడ వారి విషయంలో నన్ను ఎక్కువ బాధించినది వేరే ఉంది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. అంతకంటే చాలా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి, మొదట్లో అది ముసలితనపు నొప్పిలాగే కనిపిస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి పేరే ‘నల్లగొండ పద్ధతి’. ఇటువంటి జిల్లాలో “ఏ నీళ్లు తాగినవమ్మా” అని ఒక్క ప్రశ్నైనా అడగకుండా వయసు పేరు చెప్పి పంపించడాన్ని ఓదార్పు అని నేను అనలేను.

ప్రశ్న వేసినవారు:
రాత్రి నేనే అడిగాను, “ఎప్పటి నుంచమ్మా?” అని. పెళ్లై ఈ ఊరు వచ్చిన పదేళ్లకే, బోరింగు దగ్గర బిందె ఎత్తుకునేటప్పుడు మొదటిసారి నడుము పట్టేసిందని చెప్పింది. ముప్పై ఏళ్ల సంగతి చెప్పడానికి ఆమెకు గంట పట్టింది.