నిమ్మలకుంట తోలుబొమ్మలాట: పర్యాటకుల కోసం అరగంటకు కుదించవచ్చా?

ప్రశ్న:
లేపాక్షి వీరభద్రాలయం చూడడానికి వెళ్తున్న మా మిత్రబృందం, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఒక పూట ఆగి తోలుబొమ్మలాట కూడా చూడాలనుకుంటోంది. యాత్రలు ఏర్పాటు చేసే ఒక సంస్థ అరగంట ప్రదర్శననూ బొమ్మల కొనుగోలునూ కలిపి ప్యాకేజీగా ఇస్తానంటోంది. తెల్లవార్లూ సాగవలసిన ఆటను ఇలా చూడడం వల్ల ఆ కళాకారులకు మేలు జరుగుతుందా, లేక ఆట మరింత చిక్కిపోవడానికి మనమే కారణమవుతామా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
మేలే జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఊళ్లలో ఆటకు పిలిచేవారు తగ్గిపోవడంతో అక్కడి కుటుంబాలు ఎక్కువగా లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. మేకతోలును వెలుతురు పారేంత పలచగా శుభ్రం చేసి, బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగులద్దే పని ఇంకా ఇంటిల్లిపాదికీ చేతనవుతోందంటే అది కొనేవారి వల్లనే. దాన్ని చిన్నచూపు చూడడం కడుపు నిండినవారికే చెల్లుతుంది.

సమాధానం 2:
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. లాంప్‌షేడు తోలుపనిని నిలబెడుతుంది గాని ఆటను నిలబెట్టదు. బొమ్మను ఆడించే మనిషే దాని పద్యం పాడి, వచనం చెప్పి, అదే సమయంలో కాలికింది చెక్కలను తొక్కి చప్పుడు చేయాలి. శివరాత్రి జాగరణకో, విరాటపర్వం ఆడిస్తే వానలు కురుస్తాయన్న నమ్మకంతోనో ఊరు పిలిచినప్పుడు, రాత్రంతా పెద్దల పక్కన నిలబడి వంత పాడితేనే ఆ విద్య పిల్లలకు పట్టుబడుతుంది. అరగంట ప్రదర్శనలో మొట్టమొదట పోయేది మాట. చూసేవారిలో తెలుగు రానివారు ఉంటారన్న లెక్కతో యుద్ధాలనూ నాట్యం చేసే బొమ్మనూ ఉంచి, హాస్యపాత్రలైన బంగారక్కనూ జుట్టుపోలిగాడినీ కేతిగాడినీ తీసేస్తారు. నా దృష్టిలో ఆట ప్రాణం ఆ ముగ్గురిలోనే ఉంది (రాముడి కథ ఎలాగూ అందరికీ తెలిసిందే), ఎందుకంటే ఆ ఊరి సంగతులను అప్పటికప్పుడు అల్లి, కొంత మోటుగానైనా సరే, జనాన్ని నవ్వించేది వారి నోటితోనే. ఆ పాత్రలు లేని ఆటకు చప్పట్లు కొట్టి వచ్చినంత మాత్రాన వారసత్వాన్ని కాపాడామనుకోవడం నాకు సమ్మతం కాదు.

సమాధానం 3:
వెళ్లడం మానకండి, అడిగే తీరు మార్చండి. మధ్యవర్తి లేకుండా ముందుగా కళాకారుల బృందంతోనే మాట్లాడి, లంకాదహనం వంటి ఒక్క ఘట్టాన్ని హాస్యంతో సహా రెండు గంటలు ఆడమని కోరండి. బొమ్మ పట్టేవారికే కాక హార్మోనియం, మద్దెల వాయించేవారికీ వంత పాడేవారికీ కలిపి పారితోషికం మాట్లాడుకోవాలి. ఆట చీకటి పడ్డాకే పెట్టించుకోండి. కాసేపు, వారు ఒప్పుకుంటే, తెర వెనుక నిలబడి కూడా చూడండి. బొమ్మలు కొనడం వేరే లెక్క, దాన్ని ప్రదర్శన ధరలో కలపనివ్వకండి.