అప్‌డేట్: ఉద్యోగం ఇడిశిపెట్టి దేశాలు తిరుగుడు గురించి అడిగిన కదా

మొన్న ఫిబ్రవరిల అడిగిన, ఏడాదిల ఇరవై దేశాలు తిరిగి అన్నిటి గురించి రాద్దామనుకుంటున్న, అయితదా అని. చానామంది అన్నలు, అక్కలు దేశాలు తగ్గించు, ఒక్కకాడ ఎక్కువ దినాలు ఉండు అన్నరు. విన్న, మంచిగయింది.

వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాంక ఇస్తరు, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, అందుకే సీదా ఆడి హోయ్ ఆన్ అనే ఊరికి పోయి రూమ్ నెల కిరాయికి తీసుకున్న, రోజు లెక్క కంటే మస్తు తక్కువల అయింది. ఆడికెళ్లి 40 కిలోమీటర్లల్ల మీ సాన్ అనే జాగ ఉంటది, ఎన్కట ఆడ ఏలిన చంపా రాజులు కట్టిన శివుని గుళ్లు, మొత్తం ఎర్రటి ఇటుకలే. రెండు ఇటుకల నడుమ గోరు పెట్టి చూసిన, పట్టలే, సున్నం గూడ కనిపియ్యలే. ఎంటనే మన రామప్ప యాదికొచ్చింది, దాని గోపురానికి నీళ్లమీద తేలే ఇటుకలు పెట్టిండ్రు కదా. 1969ల బాంబులు పడి కూలిన పెద్దగుడి కాడ కూసుంటే నిజంగ ఏడుపొచ్చింది. మూడుసార్లు పోయిన, మొదటిసారి రాసింది అందరు రాసేదే, మూడోసారి రాసింది చదివి హన్మకొండల అమ్మ ఫోన్ చేసి "నేను గూడ ఆడ ఉన్నట్టే ఉంది బిడ్డా" అన్నది.

ఒక్క నష్టం, ఫోన్ వానల తడిసి 18 రోజుల నోట్స్ మొత్తం పోయినయ్, గిప్పుడు రోజు రాత్రి పడుకునే ముందు కాగితం మీద రాస్తున్న.

ఇగ వచ్చే నెల కంబోడియా, అంగ్కోర్ వాట్. మూడు రోజుల పాస్ 62 డాలర్లు. దాని పక్కనున్న సీమ్ రీప్ ఊర్ల నెలకి రూమ్ ఎవరన్న తీసుకున్నోళ్లుంటే ఏ ఏరియా మంచిదో చెప్పుండ్రి.