రెండు నెట్ లైన్లకు ఒకే రౌటర్: ఏది కొనాలి?

ప్రశ్న:
విశాఖ ద్వారకానగర్‌లో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. ఏడు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, నాలుగు కెమెరాలు. పోయిన నెల 20న, సరిగ్గా 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) గడువు రోజే, మధ్యాహ్నం నెట్ పోయి రాత్రి దాకా రాలేదు. మా కుర్రాళ్లు నా ఫోన్ హాట్‌స్పాట్ మీద వంతులేసుకుని ఫైల్ చేశారు. ఆ టెన్షన్ మళ్లీ పడలేను. ఇంకో కంపెనీ ఫైబర్ కూడా పెట్టిస్తున్నాను. రెండూ ఒకే రౌటర్‌కి ఇస్తే స్పీడు రెట్టింపవుతుందా? ఏది కొనమంటారు?

జవాబు:
స్పీడు సంగతి వదిలేయండి సార్. వందా వందా కలిస్తే రెండొందలు అని షాపులో చెప్తారు గానీ, మామూలుగా ఒక డౌన్‌లోడ్ ఒక లైన్ మీదే నడుస్తుంది. రౌటర్ పదిమంది పనిని రెండు లైన్లకూ పంచుతుంది, అంతే. మీ పనికైతే ఆ పంపకమే చేటు. బ్యాంకు సైటులో లాగిన్ ఒక లైన్ నుంచి, తర్వాతి క్లిక్ ఇంకో లైన్ నుంచి వెళ్తే, ఐపీ (మీ లైన్ నెట్ అడ్రస్) మారిందని బయటికి గెంటేస్తుంది. మీక్కావాల్సింది ఫెయిల్‌ఓవర్. ఒకటి పోతే రెండోది అందుకోవాలి.

టీపీ-లింక్ ఈఆర్605 రౌటర్ చాలు. ఐదు గిగాబిట్ పోర్టులుంటాయి. మెనూలో లింక్ బ్యాకప్ (ఈ ఫెయిల్‌ఓవర్ సెట్టింగే) పెట్టుకోండి. దీనికి వైఫై ఉండదు, పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై ఇవ్వడానికి మాత్రమే, వాడుకోండి. మైక్రోటిక్ హెక్స్ కూడా మంచి సరుకే గానీ, దాన్ని సెట్ చేయడానికి తెలిసిన మనిషి లేకపోతే మీ ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న:
లైన్ పోయిందని రౌటర్‌కి ఎలా తెలుస్తుంది?

జవాబు:
అసలు కిటుకంతా అక్కడే ఉంది. వీధిలో ఫైబర్ తెగినా మీ టేబుల్ మీద ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ వచ్చి చేరేది) వెలుగుతూనే ఉంటుంది. అందులోంచి వచ్చే కేబుల్ లైటూ పచ్చగానే ఉంటుంది. కేబుల్‌ని మాత్రమే చూసే రౌటర్ అంతా బాగుందనుకుంటుంది. అందుకే రౌటర్ మెనూలో ఆన్‌లైన్ డిటెక్షన్‌లో 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌ని పింగ్ చేసేలా (జవాబొస్తోందా అని పలకరించి చూసేలా) పెట్టండి. టెస్ట్ చేసేటప్పుడు కూడా రౌటర్ కేబుల్ కాదు, ఓఎన్‌టీ వెనకున్న ఆకుపచ్చ మూతి ఫైబర్ తీయండి (కొన ముట్టుకోవద్దు, లోపలికి తొంగి చూడొద్దు). ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా కొట్టుకుంటున్నా పేజీలు తెరుచుకుంటే పాసైనట్టే. రెండు లైన్ల పెట్టెలూ రౌటరూ యూపీఎస్ మీదే ఉండాలి సుమా.

ఇంకొకరు:
గురూగారూ, రౌటర్ కంటే ముందు స్తంభం చూడండి. గాజువాకలో మా షాపుకీ రెండు కంపెనీల ఫైబర్ ఉండేది. సరుకు లోడుతో వచ్చిన లారీ ఒకటి రెండింటినీ కలిపి లాక్కుపోయింది. కేబుళ్లు రెండూ ఒకే స్తంభం మీద నుంచి వచ్చేవి మరి. ఇప్పుడు ఒకటి ఫైబర్, రెండోది 5జీ పెట్టె. దాని కేబులే రెండో పోర్టుకి ఇచ్చాను.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే కిందికి దిగి చూసొచ్చాను. ఆ రెండో కంపెనీ వాళ్ల డబ్బా కూడా మా స్తంభానికే వేలాడుతోంది! రేపు వస్తామన్నవాళ్లకి ఫోన్ చేసి ఆపేశాను. మేడ మీద 5జీ సిగ్నల్ ఎలా ఉందో చూసి చెప్తాను.