‘సంసారం ఎల్లదీసింది’: ఈ మాట ఉన్నచోట ‘త్యాగం’ సరిపోతుందా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట గురించి ఇక్కడ అడగాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. ‘ఎల్లదీసుడు’. పుస్తకాల్లో ‘వెళ్లదీయడం’ అని కనిపిస్తుంది. మాది పరకాల దగ్గర ఒక పల్లె.

ఎందుకు అడుగుతున్నానో ముందు చెప్తాను. మొన్న మాఘమాసంలో మా అమ్మ పోయింది. పెద్దకర్మ కార్డు కోసం మా తమ్ముడు మ్యాటర్ రాశాడు. ‘త్యాగమూర్తి, అనురాగమయి’ అని అందరి కార్డుల్లో ఉండే మాటలే. మా పెద్దమ్మకు చదువు రాదు. అరుగు మీద కూర్చొని “ఏం రాసిండ్రో సదువు బిడ్డా, ఇంట” అంది. చదివాను. “త్యాగమంటే ఏంది?” అని అడిగింది. “ఇడిసిపెట్టుడు పెద్దమ్మా” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“అది ఏం ఇడిసిపెట్టింది రా? ఏదీ ఇడువలే గదా. మీ నాయిన పోయినంక ముగ్గురు పిలగాండ్లతోని సంసారం ఎల్లదీసింది. అట్ల రాయి.”

అట్లనే రాసుకొని కార్డుల షాపుకు పోయాను. టైపు చేసే పిల్లవాడు ‘ఎల్లదీసిన’ అన్నదాన్ని ‘వెళ్లదీసిన’ అని దిద్దాడు. తర్వాత మొహమాటపడుతూ, “సార్, ఈ మాట తీసేద్దాం. గతిలేక బతికినట్టు ఉంటది. చూసినోళ్లు ఏమనుకుంటరు?” అన్నాడు. అతని మీద నాకేం కోపం లేదు. పేపర్లలో ఈ మాట వచ్చేదే అట్లా: ‘పింఛను డబ్బులతో కాలం వెళ్లదీస్తున్న వృద్ధులు’, ‘రేకుల షెడ్డులో రోజులు వెళ్లదీస్తున్న కుటుంబం’. చదవగానే జాలి కలుగుతుంది. కానీ మా పెద్దమ్మ గొంతులో జాలి లేదు. చెల్లెలి గురించి గర్వంగా చెప్పింది. ఒకే మాట రెండు చోట్ల ఇంత తేడాగా ఎట్లా పలికింది? నా ప్రశ్న అదే.

నాకు తెలిసినంత రాస్తాను. మా దగ్గర మాట మొదట్లో ‘వ’ చాలాసార్లు పోతుంది. వెన్నెల ఎన్నెల, వెంట ఎంట, విడుచు ఇడుసు అవుతాయి. అట్లనే వెళ్లు ఎల్లు అయింది. ఈ ‘వెళ్లు’ అంటే ఇప్పుడు అందరికీ ‘పోవడం’ అనే అర్థమే తోస్తుంది కానీ, పాత అర్థం ‘బయటికి వచ్చు’. వెలి, వెలుపల, వెలివేయు, వెడలు, అన్నీ ఆ కుటుంబమే. జంటపదాల్లో ఆ అర్థం ఇంకా చెక్కుచెదరలేదు. వెళ్లగొట్టడం అంటే బయటికి కొట్టడం. వెళ్లగక్కడం అంటే బయటికి కక్కడం. గోడు వెళ్లబోసుకోవడం అంటే లోపలిది బయటికి పోసుకోవడం. మా వైపు మక్క (మొక్కజొన్న) చేను ‘కంకి ఎల్లింది’ అంటారు, అంటే కంకి బయటికి వచ్చింది.

వ్యాకరణం చూసినా అంతే. వెళ్లన్ + తీయు. నకారం మీద ‘తీ’ కాస్తా ‘దీ’ అయి వెళ్లదీయు. ఊడన్ + పీకు ఊడబీకు అయినట్టు. ఊడేదాకా పీకితేనే ఊడబీకడం. బయటపడేదాకా లాగితేనే వెళ్లదీయడం. ఊరికే రోజులు గడిచిపోవడం ఇందులో ఎక్కడా లేదు. ఎవరో ఒకరు పట్టుకొని లాగుతూ ఉండాలి.

మరి అమ్మ దేంట్లోనుంచి లాగింది? 1997-98 పత్తి పంటను వరంగల్ జిల్లా వాళ్లు మరిచిపోరు. వానలు కాలం కాని కాలంలో పడ్డాయి, ఆపైన లద్దెపురుగు. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. విత్తనాలు, మందులు అప్పు మీద తెచ్చినవే. ఆ ఏడు మా జిల్లాలో ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా నాయిన అందులో ఒకడు. నేనప్పుడు ఆరో తరగతి. చెల్లె నాలుగు, తమ్ముడింకా బడికి పోలేదు. మాకున్నవి రెండెకరాలు, నలభై రెండు వేల బాకీ.

ఆ పత్తే అమ్మకు కూలి పని అయింది. కిలోల లెక్కన ఏరాలి. మంచు ఆరకముందు ఏరితే తూకం ఎక్కువ వస్తుంది, అందుకే ఆసామి పొద్దు పొడిచిందాకా చేనులోకి రానివ్వడు. ఎండిన కాయ పెంకు కొనలు గోటి పక్కన గుచ్చుకుంటాయి. సాయంత్రానికి వేలికొసలన్నీ సన్నసన్న చీలికలు. పచ్చిపులుసు చేసిన రోజు అమ్మ అన్నం కలుపుకోలేకపోయేది, చింతపండు పులుపుకు మండేది. చెల్లె కలిపి ముద్దలు పెట్టేది. అమ్మకు రాత రాదు. ఏరిన కిలోలకు తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. గీతకు పది కిలోలు, పది నిండకపోతే చుక్క. మేస్త్రి లెక్క చెప్పినప్పుడు ఇంటికొచ్చి గోడ చూసుకునేది. పండుగకు ఇల్లంతా సున్నం వేసినా ఆ జానెడు గోడను వదిలేసేది.

బాకీ తీరడానికి తొమ్మిదేండ్లు పట్టింది. కాగితం చేతికొచ్చిన రోజు అమ్మ దాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసి, “ఎల్లినం బిడ్డా” అంది. అప్పుడు నాకు ఆ మాట అంత లోతుగా తట్టలేదు. పెద్దమ్మ మాట విన్నాక గుర్తొచ్చింది. ఎల్లినం అంటే బయటపడ్డాం. నలుగురం కలిపి.

తమ్ముడిది తప్పని నేననడం లేదు. వాడు ప్రేమతోనే రాశాడు. త్యాగం ‘త్యజ్’ ధాతువు నుంచి వచ్చింది, వదలడం అని అర్థం. అమ్మ కూడా ఎన్నో పోగొట్టుకుంది. ఎద్దుల జత అమ్మింది. పుట్టింటివాళ్లు పెట్టిన వెండి కడియాలు పోయాయి. ఇదంతా త్యాగం కాదా అని పెద్దమ్మనే అడిగాను. “అవి పోయినయ్ రా. పోయినదానికీ ఇడిసినదానికీ ఫరక్ లేదా?” అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. వదిలినవాళ్లకు వదలకుండా ఉండే వీలు కూడా ఉంటుంది. అమ్మకు ఆ వీలెక్కడిది? ఆమె చేతిలో ఉన్నదల్లా పట్టుకున్నదాన్ని వదలకపోవడమే. రెండెకరాలూ వదల్లేదు, మా చదువులూ వదల్లేదు. అట్లాంటి మనిషి పేరు ముందు ‘వదలడం’ అనే మాట పెట్టడానికి నాకు చేయి రావడం లేదు.

మీ ఊళ్లలో ఈ మాటను ఎట్లా వాడతారో దయచేసి రాయండి.

— — —

గుంటూరు నుంచి ఒక సభ్యుడు: చాలా బాధగా అనిపించిందండీ. మాకు మాత్రం వెళ్లదీయడం అంటే ఎలాగోలా నెట్టుకురావడమే. మీరు చెప్పిన గర్వం మా వాడుకలో వినలేదు. టైపు చేసిన అబ్బాయికి తోచిందే నాకూ తోచేది.

నేను: మీరన్నది నిజమేనండీ. తేడా కర్మపదంలో ఉందేమో చూడండి. పేపర్లలో వెళ్లదీసేది కాలాన్నీ, రోజుల్నీ. కాలం మనం లాగకపోయినా కదులుతుంది, అందుకే అక్కడ మాట నీరసంగా వినిపిస్తుంది. సంసారం లాగకపోతే కదలదు. పెద్దమ్మ ‘కాలం ఎల్లదీసింది’ అని ఉంటే నేను కూడా ఆ అబ్బాయి మాటే వినేవాణ్ని.

సిరిసిల్ల నుంచి ఒక సభ్యుడు: అన్నా, మా నాయిన సాంచాల (మరమగ్గాల) మీద పని చేసిండు. వారం కూలి తెచ్చి అమ్మ చేతిలో పెడితే, బియ్యానికి, కిరాయికి, చిట్టీకి పంచి చూసుకొని “ఈ వారం ఎల్లింది” అనేది. ఎల్లని వారం ఏమీ అనేది కాదు, చాయ్ ఒక్కటే ఎక్కువసార్లు తాగేది.

నేను: తమ్ముడూ, ‘పైసలు ఎల్లుతయా’, ‘ఇల్లు ఎల్లుతలేదు’ మా దగ్గర కూడా ఉన్నాయి. లేనివాళ్లను ‘ఎల్లనోళ్లు’ అంటారు. చేతిలో డబ్బు లేకపోవడం కంటే ఆ ఇబ్బందిలోనుంచి బయటికి రాలేకపోవడమే అందులో ముందు వినిపిస్తుంది నాకు. చాయ్ సంగతి రాసినందుకు థాంక్స్. మా ఇంట్లో కూడా అంతే.

హన్మకొండ నుంచి ఒక రిటైర్డ్ టీచర్: బాబూ, అమ్మగారికి నా నమస్సులు. వరంగల్ వాళ్లం, మనకు కాళోజీ మాట ఉండనే ఉంది కదా. ‘పుట్టుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది’. అది వేయించండి. గౌరవంగా ఉంటుంది.

నేను: సార్, తమ్ముడు కూడా ఫ్లెక్సీ కోసం అదే అన్నాడు. కాళోజీ ఆ మాట లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ గురించి రాశారు. కాళోజీకి కూడా అది అక్షరాలా సరిపోయింది. 2002లో పోయినప్పుడు దేహం కూడా కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చారు. మా అమ్మ బతుకు ముగ్గురు పిల్లలది, రెండెకరాలది, ఒక బాకీ కాగితానిది. పెద్దవాళ్ల మాట తెచ్చి పెడితే ఆ గోడ మీది గీతలు కనబడకుండా పోతాయని నా భయం. జనం నోట్లో ఉన్న మాటే రాయాలని ఆయన జీవితమంతా చెప్పారు కదా సార్, ఈ విషయంలో పెద్దమ్మ వైపే ఉండేవారని నా నమ్మకం.

హన్మకొండ నుంచి అదే సభ్యుడు: ఒప్పుకున్నాను. అయితే ‘వ’ లేకుండానే వేయించండి.

నేను: అట్లనే వేయించాను సార్. ‘సంసారం ఎల్లదీసిన మా అమ్మ’ అని.

మెట్‌పల్లి నుంచి ఒక సభ్యురాలు: ఇది చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. మా నాన్న పదహారేండ్లు మస్కట్‌లో ఉన్నారు. ప్రతి ఉత్తరంలో ‘ఈ ఏడు ఎల్లదీస్తే వస్త’ అని రాసేవారు. ఏడాది గడిస్తే వస్తానంటున్నారని అనుకునేదాన్ని. రాకపోతే మాట తప్పారని అలిగేదాన్ని. ఇప్పుడు ఆ మాట అర్థం వేరేమో అనిపిస్తోంది. నాన్న లేరు, అడగడానికి.

నేను: అక్కా, ఆ ఉత్తరాలు ఉన్నాయా? ఉంటే ఆ వాక్యానికి ముందు ఏం రాశారో ఒకసారి చూస్తారా? అక్కడ కాలం గురించి ఉందా, ఇంకేదన్నా ఉందా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది.

మెట్‌పల్లి నుంచి అదే సభ్యురాలు: అమ్మ ట్రంకుపెట్టెలో ఏడు ఉత్తరాలు దొరికాయి. అన్నిట్లో ఆ వాక్యం ఉంది. మొదటి దాంట్లో దానికి ముందు ‘చెల్లె పెండ్లి బాకీ ఇంక పదకొండు వేలున్నది’ అని ఉంది. ఆఖరి దాంట్లో ‘పిల్ల ఫీజు కట్టిన్రా?’ అని ఉంది. ఆ పిల్లను నేనే.