మాయాబడి ఫ్యాన్‌ఫిక్: హిట్లు ఉన్నాయి, కామెంట్లు లేవు. పాఠకులు ఎక్కడ ఆగుతున్నారు?

వాల్తేరు_గుడ్లగూబ:

ఆ ఏడు మాయాబడి నవలల మీద, అంటే హ్యారీ పాటర్ మీద, తెలుగులో ఫ్యాన్‌ఫిక్ (అభిమానులు రాసుకునే కథ) రాస్తున్నాను. పెడుతున్నది ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్‌ఫిక్ సైటులో, మనమంతా ఏఓ3 అనేదాంట్లో. ముఖ్యపాత్ర పెదవాల్తేరు పిల్ల, పదకొండేళ్లు. 1991 సెప్టెంబరులో ఆ బడిలో చేరుతుంది, మూలకథ హీరో బ్యాచే. ఇప్పటికి నాలుగు చాప్టర్లు. హిట్లు 640, కూడోస్ (లైకుల్లాంటివి) 31, కామెంట్లు 3. అందులో ఒకటి "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు" అని. మిగతా రెండూ రెండో చాప్టర్‌కి వచ్చాయి. ఆ పిల్ల ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ పక్కన నిలబడి బడి నుంచి వచ్చిన ఉత్తరం చదువుకునే సీను అందులో ఉంది. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధగా రాసింది హౌసు ఎంపిక చాప్టర్, అంటే ఏ పిల్ల ఏ హౌసులో ఉండాలో మాయటోపీ తేల్చే సీను. దానికి ఒక్క మాటా రాలేదు.

ఈ లెక్కలు బాగున్నట్టా, లేనట్టా? పాఠకులు ఎక్కడ వదిలేస్తున్నారో ఎలా తెలుసుకోవాలి? మంత్రాలన్నీ సంస్కృతంలోకి మార్చాను, చదివేవాళ్లు దాన్ని ఎలా తీసుకుంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

దీపస్తంభం:

ముందు లెక్కల సంగతి చూద్దాం. హిట్లు అంటే మనుషులు కాదు, కథని ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క. ఏఓ3లో హిట్లు కథ మొత్తానికి కలిపి పడతాయి, చాప్టర్ వారీగా కాదు. ఒకే చోటి నుంచి వెంటవెంటనే తెరిస్తే ఒకటిగానే లెక్క. మీ లాగిన్‌తో మీరు తెరిస్తే అసలు పడదు. కానీ అదే పాఠకుడు కొత్త చాప్టర్ కోసం మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ పడుతుంది. కూడోస్ అలా కాదు, ఒకరు ఒక కథకి ఒక్కసారే ఇవ్వగలరు. వందమంది నాలుగేసి సార్లు వచ్చారనుకోండి, హిట్లు 400, కూడోస్ మాత్రం వంద దాటే దారే లేదు. చాప్టర్లు పెరిగేకొద్దీ ఈ రెంటి మధ్య దూరం దానంతటదే పెరుగుతుంది. దాన్ని చూసి దిగులు పడితే మంచి కథలు కూడా మధ్యలో ఆగిపోతాయి.

మీరు చూడాల్సిన అంకె వేరే ఉంది. మీ స్టాటిస్టిక్స్ పేజీలో సబ్‌స్క్రిప్షన్లు అని ఉంటుంది, పాఠకులకి కనపడదు. కొత్త చాప్టర్ రాగానే మెయిల్ కావాలని అడిగినవాళ్లు వాళ్లే. అది చాప్టర్‌కి ఇద్దరు ముగ్గురైనా పెరుగుతుంటే కథ జనానికి పట్టినట్టే. ఎక్కడ వదిలేస్తున్నారన్నదానికి ఒక ఉజ్జాయింపు లెక్క: చాప్టర్ పెట్టేముందు హిట్లు రాసుకోండి, మూడు రోజుల తర్వాత మళ్లీ రాసుకోండి. మూడో చాప్టర్‌కి 150 పెరిగి, నాలుగోదానికి 60 పెరిగితే తేడా మూడో చాప్టర్‌లోనే వెతకాలి. కొత్త చాప్టర్ పెట్టగానే కథ జాబితాలో పైకొస్తుంది కాబట్టి కొత్తవాళ్లూ కలుస్తారు, అది మనసులో పెట్టుకోండి.

ఇక కథ బయట సరిచేసుకోవాల్సినవి. భాష గడిలో తెలుగు ఎంచుకున్నారో లేదో చూడండి, ఇంగ్లీషు అని ఉంటే తెలుగు వడపోతలో మీ కథ కనపడనే కనపడదు. ట్యాగుల్లో ఇద్దరు పాత్రల పేర్ల మధ్య అడ్డగీత (/) పెడితే ప్రేమకథ అని, & పెడితే స్నేహమో బంధుత్వమో అని అర్థం. పదకొండేళ్ల పిల్లల స్నేహకథకి అడ్డగీత పెడితే ఒకరు చిరాకుపడి వెళ్లిపోతారు, ఇంకొకరు కోపంగా కామెంట్ పెడతారు. ట్యాగులు అన్నీ కలిపి 75 దాకా పెట్టనిస్తారు, పదీ పన్నెండు చాలు. సారాంశానికి 1,250 అక్షరాల చోటుంది, అయినా మూడు వాక్యాలు దాటనివ్వకండి. ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం, అంతే. "నాకు సారాంశాలు రాయడం రాదు, లోపల చదవండి" అని మాత్రం రాయొద్దు.

మీ కథ పక్కన 4/? అని (పెట్టిన చాప్టర్లు/మొత్తం చాప్టర్లు) కనపడుతుంటే ఆ ప్రశ్నగుర్తు తీసి అంకె వేయండి. పూర్తి కాదేమోనన్న భయంతోనే చాలామంది ఇలాంటి కథలు మొదలుపెట్టరు. 4/14 అని కనపడితే ధైర్యంగా దిగుతారు. తర్వాత 16 అయినా మార్చుకోవచ్చు.

ఎర్రమట్టి_దిబ్బ:

కురుసుర సీనులో తప్పు దొర్లింది. ఆ సబ్‌మెరీన్ 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో ఉంది. బీచ్ ఒడ్డున మ్యూజియంగా జనానికి తెరిచింది 2002లో. 1991లో ఆ పిల్ల దాని పక్కన నిలబడే వీల్లేదు. మీకొచ్చిన రెండు కామెంట్లలో ఒకటైనా దీని గురించే అయ్యుంటుంది.

మూలకథకి సంవత్సరాలు ఖాయంగా ఉన్నాయి కాబట్టి ఆ పాఠకులు క్యాలెండర్ దగ్గర చాలా గట్టివాళ్లు. అక్కడి తేదీలూ తెలుసు, మన ఊరూ తెలుసు. రెండూ ఎక్కడ పొసగకపోతే అక్కడ పట్టుకుంటారు. రాసే ముందే ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకవైపు బడి క్యాలెండర్: సెప్టెంబరు 1న మొదలు, క్రిస్మస్ సెలవులు, ఈస్టర్ సెలవులు, జూన్ చివర్న ఇంటికి. రెండోవైపు విశాఖ క్యాలెండర్. అప్పుడు బొమ్మ మారిపోతుంది. దసరాకి ఆ పిల్ల ఇంట్లో ఉండదు. సంక్రాంతికీ ఉండదు, జనవరి మొదట్లోనే తిరుగు ప్రయాణం. సింహాచలం చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే ఏప్రిల్ చివరో మే నెలో. స్వామి నిజరూపం కనపడేది ఏడాదిలో ఆ ఒక్కరోజే, ఆ రోజు ఈ పిల్ల పరీక్షలకి చదువుకుంటూ ఉంటుంది. జూన్ చివర్న ఇంటికొచ్చేసరికి ఇక్కడ వేసవి సెలవులు అయిపోయి వీధిలో పిల్లలంతా బళ్లకి పోతుంటారు. ఆడుకోడానికి తోడెవరూ ఉండరు. ఈ ఒంటరితనం మూలకథలో లేదు, మీ కథలోనే ఉంటుంది. పాఠకులు కామెంట్ పెట్టేది ఇలాంటి చోటే.

హౌసు ఎంపిక చాప్టర్‌కి మాట రాకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ సీను పాఠకులు ఇప్పటికి ఎన్ని ఫ్యాన్‌ఫిక్‌లలో చదివి ఉంటారో. టోపీ ఆలోచించడం, హాలంతా నిశ్శబ్దం, చప్పట్లు, అన్నీ ముందే తెలుసు కాబట్టి వేలితో పైకి తోసేసుకుంటూ పోతారు. దాన్ని ఎనిమిది వాక్యాల్లోకి కుదించి, ఆ మిగిలిన చోటు ఆ రాత్రి ఇంటికి రాసే ఉత్తరానికి ఇవ్వండి. గుడ్లగూబ ఎనిమిది వేల కిలోమీటర్లకి అటూఇటూగా ఎగరాలి, ఎన్నాళ్లకి చేరుతుందో మీరే ఒక లెక్క కట్టి కథంతా దానికి కట్టుబడండి.

సబ్‌మెరీన్ బదులు డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్ వాడుకోవచ్చు. పాత చాప్టర్ దిద్దితే కథ జాబితాలో పైకి రాదు, ఎవరికీ మెయిలు పోదు. అందుకని దిద్దిన సంగతి తర్వాతి చాప్టర్ పైన ఒక వాక్యంలో చెప్పండి, తప్పు చూపించినవాళ్లు సంతోషిస్తారు.

వాల్తేరు_గుడ్లగూబ:

అవునండీ, ఒక కామెంట్ సరిగ్గా ఆ 2002 గురించే. రెండోది "మా ఊరు ఇందులో చూస్తాననుకోలేదు" అని. క్యాలెండర్ కాగితం ఈ రోజే గీస్తాను. మంత్రాల గురించి, సంభాషణల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

ఎంవీపీ_పాఠకురాలు:

మంత్రాలకంటే ముందు సర్వనామాల సంగతి చెప్పాలి. తెలుగులో మాయాబడి కథ నిలబడేదీ పడేదీ అక్కడే. ఇంగ్లీషులో మాస్టారికీ, విలన్‌కీ, తోటి కుర్రాడికీ ఒకే మాట సరిపోతుంది. మనకి వాడు, అతను, ఆయన ఉన్నాయి. రచయిత ఏది వాడితే పాఠకుడు ఆ పాత్రని ఆ లెక్కనే చూస్తాడు. దుష్టుణ్ణి మొదటి పేజీలోనే "వాడు" అనేస్తే భయం పోతుంది. "అతను" అనండి, ఆ దూరంలోనే భయం ఉంది. పదకొండేళ్ల మగపిల్లలకి "వాడు" హాయిగా ఉంటుంది, కానీ ఐదో ఏడాదికి వచ్చాక మార్చాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. ఒకే చాప్టర్‌లో రెండూ వస్తే అది పొరపాటని పాఠకులకి వెంటనే తెలిసిపోతుంది.

నువ్వు, మీరు కూడా అంతే. పడని ఇద్దరు విద్యార్థులు ఒకరినొకరు "మీరు" అనుకోరు. ఒక టీచరు కోపంలో "నువ్వు" నుంచి "తమరు"కి మారితే ఆ ఒక్క మాటకే నాలుగు కామెంట్లు రావచ్చు. ఇలాంటి మలుపు మూలకథలో సాధ్యమే కాదు, మన భాష ఇచ్చిన వరం. దాచుకుని, సరైన చోట ఒక్కసారి వాడండి.

యాస గురించి. కథనం మామూలు వాడుక భాషలో ఉంచి, పిల్లా ఇంటివాళ్లూ మాట్లాడే మాటలు మాత్రం మన యాసలో పెట్టండి. "ఏటి, ఇంకా తొంగున్నావా? బండికి టైమవుతోంది, లెగు" అని అమ్మ అంటే ఇల్లు కళ్లకి కడుతుంది. అదే అమ్మ తర్వాతి పేరాలో "ఏమండీ, వెళ్తున్నారాండీ" అంటే గోదావరి దాటిపోయినట్టుంటుంది. ఒక మనవి: యాసని వంటవాళ్లకీ, నవ్వించే పాత్రలకీ మాత్రమే ఇవ్వకండి. దీనికి ఉత్తరాంధ్ర పాఠకులు నొచ్చుకుంటారు, నొచ్చుకోవడం న్యాయం కూడా. తెలివైన పాత్ర, ధైర్యమున్న పాత్ర ఆ యాసలో మాట్లాడాలి.

మంత్రాలు సంస్కృతంలో పెడితే తప్పేం లేదు, సమాసాలు కడితేనే చెడుతుంది. "సర్వవస్తూత్థాపనం కురు" అని పలికేలోపు ఎదుటివాడు మంత్రదండం లాగేసుకుంటాడు. ధాతువు మీద వచ్చే చిన్న ఆజ్ఞ చాలు: జ్వల అంటే మండు, విరమ అంటే ఆగు, ఉత్తిష్ఠ అంటే లే. పైకి చదివి చూసుకోండి, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. పూజలో చదివే నిజమైన మంత్రాలు, బీజాక్షరాలు మాత్రం వాడొద్దు. దాంతో కామెంట్లన్నీ కథ వదిలేసి దానిమీదే గొడవపడతాయి.

బడినే మన దగ్గరికి తెచ్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే తొట్లకొండ చూడండి. బౌద్ధ భిక్షువులు నీళ్లకోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరొచ్చింది. అది పవిత్ర స్థలం, దాన్ని అలాగే గౌరవంగా ఉంచి, బడిని పక్క కొండమీద కట్టండి.

అచ్చుపిచ్చుక:

అక్షరాల వల్ల కూడా పాఠకులు పోతారు. డీటీపీవాళ్ల దగ్గర అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాతరకం తెలుగు ఫాంట్లు) టైపు చేయించిన మేటర్ నేరుగా అతికిస్తే తెరమీద గజిబిజి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక ఒకసారి మొత్తం చదవండి, ఒత్తులు, వట్రసుడులు తేడా వస్తుంటాయి.

ఇంగ్లీషు పేర్లకి విభక్తి తగిలించినప్పుడు ఇంకో తిప్పలు. మధ్యలో కనపడని విడదీత అక్షరం లేకపోతే "హౌస్‌లో" కాస్తా "హౌస్లో" అయిపోతుంది. మాయాబడి కథలో ఇలాంటి మాటలు పేజీకి ఇరవై ఉంటాయి, ప్రతిదాని దగ్గరా కన్ను తట్టుకుంటుంది. ఫోన్ కీబోర్డులో ఆ అక్షరం దొరక్కపోతే సరిగ్గా ఉన్న మాట ఒకటి కాపీ చేసుకుని కంప్యూటర్‌లో అన్నిచోట్లా మార్చేయండి. లేదంటే "హౌసులో" అని రాయండి, ఇంకా తెలుగుగా ఉంటుంది.

చాప్టర్‌కి 1,500 నుంచి 2,000 మాటలు ఫోన్‌లో హాయిగా సాగుతాయి. తెలుగు మాటలు అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లీషు ఫిక్‌ల 4,000 లెక్క ఇక్కడ పెట్టుకోవద్దు. పేరా ఐదు లైన్లు దాటితే విరవండి.

చాప్టర్ చివర "ఎలా ఉందో చెప్పండి" అంటే ఎవరికీ ఏం రాయాలో తోచదు. "ఉత్తరంలో అమ్మకి అబద్ధం చెప్పడం సబబేనా?" అని అడగండి, జవాబు వస్తుంది. విమర్శ కావాలంటే "తప్పులు చూపించండి" అని విడిగా రాయాలి, అడగందే తప్పులు ఎత్తిచూపకూడదన్నది అక్కడ చాలామంది పాటించే మర్యాద. యూపీఐ నంబరు మాత్రం పెట్టకండి, ఏఓ3లో డబ్బులడగడం నిషేధం.

వాల్తేరు_గుడ్లగూబ:

ఒక్క సందేహం మిగిలింది. ఆ కషాయాల మాస్టారు మంచివాడో కాదో చివరిదాకా తెలియకూడదు. ఆయన అంటే ఒకవైపు, అతను అంటే ఇంకోవైపు మొగ్గుతోంది. ఏం చేయాలి?

ఎంవీపీ_పాఠకురాలు:

సర్వనామం ఎగ్గొట్టినా క్రియ పట్టిస్తుంది, వచ్చారా వచ్చాడా అన్నది తప్పదు. అందుకని ఆయన్ని కర్తగా పెట్టకండి. "మాస్టారి నీడ బల్లమీద పడింది." "వెనకనుంచి గొంతు వినపడింది." "ఆ చేతిలో సీసా వణకలేదు." నీడ, గొంతు, చెయ్యి, అడుగుల చప్పుడు, ఇవే ఆయన బదులు పనిచేస్తాయి. పిల్లలు ఎదురుగా "సార్" అంటారు, వెనక ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు, అది వాళ్ల అభిప్రాయం. కథనం మాత్రం నిజం తెలిసే చాప్టర్ దాకా ఆగి, అప్పుడు మొదటిసారి "ఆయన" అనాలి.