ట్యాంకు నింపితే ముల్లు దిగిపోతోంది: పూర్తయిన డ్యాష్‌బోర్డు విప్పాలా, డిజిటల్ తెర పెట్టాలా?

కావలి మార్క్ 3

నాన్నగారి 1976 నాటి మార్క్ 3 అంబాసిడర్‌ను పదిహేను నెలలుగా బాగు చేయిస్తున్నాను. ఇంజను, బాడీ, రంగు అన్నీ ఆర్‌సీలో ఉన్నవే. మార్చింది లోపలి భాగం. ఇనుప డ్యాష్‌బోర్డు తీసి టేకు పలక పెట్టించి, అందులో ఐదు గుండ్రటి మీటర్లు బిగించాం: వేగం, పెట్రోలు, వేడి, ఆయిల్ ప్రెషర్, వోల్టు. ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే పాత యూనిట్‌ను తుప్పు తినేసింది. చెన్నై పుదుపేటలో వేరే కారుది ఒకటి దొరికితే దాన్నే వేశాం. రూఫ్ లైనింగ్, డోర్ ప్యాడ్లు, కార్పెట్ పనులన్నీ అయిపోయాయి.

నిన్న బంకులో ట్యాంకు నింపించి తాళం తిప్పితే పెట్రోలు ముల్లు ఖాళీ గీతకు కాస్త పైన నిలబడింది. మొన్న అడుగున రెండు మూడు లీటర్లే ఉన్నప్పుడు మాత్రం నిండు గీత దాటి చూపించింది. మరో బాధ: రాత్రి హెడ్‌లైట్లు వేయగానే వేడి ముల్లు చటుక్కున పైకి లేస్తుంది, ఆర్పితే దిగుతుంది. మీటర్లు బిగించిన కుర్రాడు ఇవన్నీ తీసేసి ఒక డిజిటల్ తెర పెడదామంటున్నాడు. పలక అంచుల్లో రెగ్జిన్ అంటించి కుట్టేశారు కాబట్టి విప్పితే ఆ పనంతా పాడవుతుంది. నాన్నగారు ఈ కారు నడుపుకుంటూనే ముగ్గురు పిల్లల్ని చదివించారు. దీన్ని తప్పుగా చేయడం నాకు ఇష్టం లేదు. మీ సలహా కావాలి.

చీమకుర్తి జీపు

తెర జోలికి వెళ్లకండి. క్వారీ పని మీద తిరిగే మా జీపుకు ఒకటి పెట్టించాను. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో నిలిపి వచ్చి చూస్తే తెర నల్లగా మాడినట్టు అయిపోయింది, ఒక్క అంకె కనిపించలేదు. బండి చల్లబడ్డాక తిరిగి వచ్చింది. ఎండ నేరుగా పడితే మామూలు రోజుల్లో కూడా చదవలేం. ముల్లయితే ఓరకంటితో చూసినా తెలుస్తుంది.

నెల్లూరు సర్క్యూట్

చవక తెర ఒకటి చెడిందని అన్నింటినీ కాదనడం న్యాయం కాదండీ. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను, మా ఇంటి రెండు పాత కార్లకు వైరింగ్ నేనే వేసుకున్నాను. మంచి డిజిటల్ మీటరుకు ట్యాంకు యూనిట్ ఏదైనా ఫరవాలేదు. ఖాళీ ట్యాంకుతో మొదలుపెట్టి ఐదైదు లీటర్లు పోస్తూ ప్రతిసారీ గుర్తు పెట్టుకోమని దానికి నేర్పవచ్చు. ట్యాంకు సరిగ్గా చతురస్రపు డబ్బా కాదు కదా, ముల్లు సగం చూపినప్పుడు లోపల సగమే ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

నేను తెర కావాలనడానికి అసలు కారణం ఇంకొకటి. సింగరాయకొండ దగ్గర హైవే మీద మా అన్నయ్య కారు వేడెక్కి, ఇంజను పై భాగం కింద ఉండే సీలు, హెడ్ గాస్కెట్, పోయింది. ముల్లు ఎర్ర గీతలోకి ఎప్పుడో వెళ్లిందట, ఆయన చూడలేదు. లారీల మధ్య నడుపుతూ ఎవరు చూస్తారు? తెర అయితే కూత పెట్టి చెబుతుంది.

ఒంగోలు డిపో మెకానిక్

కావలి బాబూ, ముందు ఆ కుర్రాడిని ఆపండి. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు వైర్లు వెతికినవాడిగా చెబుతున్నాను, మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెండూ మీటర్లో పుట్టినవి కావు.

పెట్రోలు సంగతి ముందు చూద్దాం. ట్యాంకు యూనిట్ అంటే పెట్రోలు మీద తేలే ఒక ఫ్లోటు, దాని చేతితో పాటు మారే ఒక రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు. పెట్రోలు మట్టాన్ని అది ఓముల్లో, అంటే ఆ అడ్డు కొలతలో, మీటరుకు చెబుతుంది. ఎన్ని ఓములంటే ఎంత పెట్రోలు అన్నది తయారీదారును బట్టి మారుతుంది. బయట విడిగా అమ్మే మీటర్లలో చాలావాటికి ఖాళీ అంటే 240, నిండు అంటే 33. యూరప్ పద్ధతి యూనిట్లలో ఇది తిరగబడుతుంది: ఖాళీకి 10, నిండుకు 180. అమెరికా పాత జనరల్ మోటార్స్ కార్లలో 0 నుంచి 90. మీ ముల్లు తలకిందులుగా నడుస్తోందంటే మీటరు ఒక పద్ధతిది, యూనిట్ మరో పద్ధతిది అయి ఉండాలి. ఇప్పుడు ట్యాంకు నిండుగానే ఉంది, ఇదే అదను. యూనిట్ వైరు ఊడదీసి, మల్టీమీటరుతో యూనిట్‌కూ బాడీకీ మధ్య కొలవండి. 180 దరిదాపుల్లో వస్తే సందేహం లేదు. తర్వాత ఊడదీసిన వైరుకూ బాడీకీ మధ్య 100 ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టి తాళం తిప్పండి. ముల్లు సగం దగ్గర నిలిస్తే మీటరు నిక్షేపంగా ఉన్నట్టే. ఆ రెసిస్టర్ ఖరీదు టీ ఖరీదు కూడా ఉండదు.

ఇక వేడి ముల్లు. ఇనుప డ్యాష్‌బోర్డు ఉన్న రోజుల్లో మీటరు ఒళ్లు ఇనుముకు ఆనుకుని దానంతట అదే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, అందేది. టేకులో కరెంటు పోదు. పలక మార్చినవాళ్లు ఐదు మీటర్లకూ కలిపి ఒక సన్నటి వైరు లాగి, రంగు మీదే ఎక్కడో బోల్టుకు బిగించి ఉంటారు. మీటర్లలోని చిన్న బల్బులు కూడా ఆ వైరు మీదే ఆధారపడతాయి. లైట్లు వేయగానే ఆ బల్బుల కరెంటు కూడా ఆ పాడు ఎర్త్ గుండానే తిరిగి వెళ్లాలి, వెళ్లలేక ముల్లును కదుపుతుంది. మల్టీమీటరును వోల్టుల్లో పెట్టి ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది మీటరు ఎర్త్‌కు ఆనించి లైట్లు వేయండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు వచ్చినా ఎర్త్ చెడినట్టే. తెర పెట్టినా దానికీ ఇదే ఎర్త్ దిక్కు, అది కూడా ఇలాగే అబద్ధం చెబుతుంది.

ఇంజను వేడిని కొలిచి మీటరుకు చెప్పే సెండర్ ఒకటి ఇంజనుకు బిగించి ఉంటుంది, దాని మర మీద తెల్ల టేపు దట్టంగా చుట్టారేమో అది కూడా చూడండి. ఆ సెండర్‌కు ఎర్త్ ఆ మర ద్వారానే అందుతుంది, టేపు దాన్ని అడ్డుకోవచ్చు.

చీమకుర్తి జీపు

అయ్యా, మధ్యలో ఒక చిన్న సందేహం. మాది డీజిల్ బండి. ఆర్‌పీఎం మీటరు కొన్నాను, ఎంత చేసినా కదలదు.

ఒంగోలు డిపో మెకానిక్

పెట్రోలు బండిలో అది నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ నుంచి లెక్క తీసుకుంటుంది. డీజిల్‌కు కాయిలే లేదు. ఆల్టర్నేటరు వెనక డబ్ల్యూ అని రాసిన పిన్ను ఉంటే, అక్కడి నుంచి లెక్క తీసుకునే డీజిల్ మీటరు కొనండి.

సీట్ల మేస్త్రి, ఆటోనగర్

నేను నెల్లూరు ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్లకు కుట్టు పని చేస్తున్నాను. ఇలాంటి గొడవ నెలకొకటి వస్తుంది. టింకరింగ్, రంగు, వైరింగ్ అయ్యాక బండి కనీసం వంద కిలోమీటర్లు తిరిగి, రాత్రి ఒకసారి, వానలో ఒకసారి నడిచి వచ్చాక రెగ్జిన్ పట్టుకోవాలని నేను చెబుతాను. పండక్కి కావాలి, పెళ్లికి కావాలి అని ముందే వేయించుకుంటారు. తర్వాత ఒక వైరు కోసం నా కుట్టు కోస్తారు. రెండు రోజులు కూర్చుని వేసిన కుట్టు బ్లేడుతో తెగుతుంటే చూడలేనండీ.

అయినా మీరు విప్పించండి. కుట్టు పోతే మళ్లీ వేయవచ్చు. ఈసారి పలకను జిగురుతో మూయవద్దు. ఇత్తడి కప్పు వాషర్లతో ఎనిమిది మరలు పైకి కనబడేలా బిగించమనండి, టేకు మీద అవి అందంగానే ఉంటాయి. వెనక వైర్లు జానెడు పొడవు ఎక్కువ వదిలితే పలకను ఒళ్లోకి వాల్చుకుని పని చేయవచ్చు. రెగ్జిన్‌ను పలకకు విడిగా చుట్టి, కుట్టు వెనక వైపు వేయాలి.

ఇంకొక మాట, కార్పెట్ కింద ఏం పరిచారు?

కావలి మార్క్ 3

జనపనార ఫెల్ట్ అండీ. పాత కారులో అదే ఉండేది.

సీట్ల మేస్త్రి, ఆటోనగర్

అది కూడా తీసేయండి. అక్టోబరు, నవంబరు వానలు మనకు ఎలా ఉంటాయో తెలుసు. అద్దం రబ్బరు నుంచి ఒక చుక్క దిగినా ఫెల్ట్ పీల్చుకుని నెలల తరబడి రేకును తడిపి ఉంచుతుంది. పైన కార్పెట్ పొడిగానే ఉంటుంది, కింద రేకు చిల్లు పడుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో మరీను. నీరు పీల్చని ఫోము షీటు దొరుకుతుంది, అది వేయించండి.

నెల్లూరు సర్క్యూట్

మేస్త్రి గారి మాటకు ఎదురు లేదు. డిపో మెకానిక్ గారు చెప్పిన ఎర్త్ విషయం కూడా నూటికి నూరుపాళ్లు నిజం, తెర పెట్టినంత మాత్రాన ఈ కారు బాగుపడదని ఒప్పుకుంటున్నాను. కానీ ఎర్త్ సరిచేశాక కూడా కూత పెట్టని మీటరు నాకు సరిపోదు. అన్నయ్య కారు ఇంజను విప్పి కింద పెట్టినప్పుడు చూశాను.

ఒంగోలు డిపో మెకానిక్

అమ్మా, మీ భయం న్యాయమైనదే. అయితే గొట్టం పగిలి ఇంజనును చల్లబరిచే నీళ్లన్నీ ఒక్కసారి పోతే సెండర్ కొన నీళ్లలో మునిగి ఉండదు. అప్పుడు ముల్లూ తక్కువే చూపుతుంది, తెర కూడా తక్కువే చూపి నోరు మూసుకుంటుంది. నేనయితే ముల్లు ఉంచి, ఇంజను ఇనుముకే ఒక వేడి స్విచ్ బిగించి, దానికి ఎర్ర దీపం, బజర్ కలుపుతాను. నీళ్లు లేకపోయినా ఇనుము వేడి దానికి తెలుస్తుంది. ఆ దీపానికి చోటు పలక విప్పినప్పుడే చూసుకోవాలి.

కావలి మార్క్ 3

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. నిండు ట్యాంకు మీద యూనిట్ 176 ఓములు చూపింది. 100 ఓముల రెసిస్టర్ పెడితే ముల్లు మెల్లగా లేచి సగం గీత మీద ఆగింది. నాన్నగారు పక్క సీట్లో కూర్చుని చూస్తూ, ‘మీటరు మంచిదేరా’ అన్నారు.

పలక విప్పించాను. వెనక ఒకే నల్ల వైరు, స్టీరింగ్ బ్రాకెట్ బోల్టుకు. బోల్టు కింద రంగు చెక్కుచెదరలేదు, వాషర్ ఒక గుండ్రటి గీత మాత్రం పెట్టింది. లైట్లు వేస్తే అక్కడ 0.9 వోల్టులు. ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి, లావు వైరు ఒకటి నేరుగా బ్యాటరీ ఎర్త్‌కు లాగాం. పైన వాజెలిన్ పూశాం. రాత్రి హెడ్‌లైట్లు పదిసార్లు వేసి ఆర్పాను, వేడి ముల్లు వెంట్రుకవాసి కదలలేదు.

పుదుపేట యూనిట్ తీసేసి 240-33 యూనిట్ తెప్పించాం. సర్క్యూట్ గారు చెప్పినట్టు ట్యాంకు ఖాళీ చేసి ఐదైదు లీటర్లు పోస్తూ, ముల్లు ఎక్కడ నిలుస్తుందో కాగితం మీద రాసుకున్నాను. ఆమె అన్నది నిజమే, సగం గీత దగ్గర సగానికి తక్కువే ఉంది. ఆ కాగితాన్ని గ్లవ్ బాక్సు మూతకు లోపల అంటించాను. ఎర్ర దీపానికి పలకలో రంధ్రం తీయించాను, స్విచ్ వచ్చే వారం వస్తుంది. ఫెల్ట్ ఎత్తి చూస్తే డ్రైవరు కాళ్ల దగ్గర అప్పుడే అరచేతి వెడల్పు చెమ్మ ఉంది. మేస్త్రి గారూ, సోమవారం కారు తీసుకుని మీ దగ్గరికే వస్తున్నాను.